విరిగిన హృదయానికి ఓదార్పు – విశ్వాసం చూపే దారి

కాలు విరిగిన మనిషిని చేనికి రమ్మని ఎవరూ పిలవరు. కట్టు కట్టించి, మంచం మీద పడుకోబెట్టి, ఎముక అతికేదాకా కదలవద్దని చెబుతారు. మనసు విరిగిన మనిషి విషయంలో మాత్రం లోకానికి ఇంత ఓపిక ఉండదు. కర్మకాండలు ముగిసిన మర్నాటి నుండే “ఇక చాలు, ధైర్యం తెచ్చుకో” అన్న మాట వినిపిస్తుంది. విశ్వాసుల ఇళ్లలో దానికి మరొక మాట తోడవుతుంది: “నమ్మకం ఉన్నవారు ఏడవకూడదు.” ఓదార్చే ఉద్దేశంతోనే అన్నప్పటికీ ఈ మాట గాయపడిన గుండెపై రెండవ గాయంగా మారుతుంది. దుఃఖానికి తోడు, దుఃఖపడుతున్నందుకు అపరాధభావం కూడా వచ్చి చేరుతుంది.

క్రైస్తవ విశ్వాసం హృదయ స్వస్థత గురించి నిజంగా బోధించేది ఇదేనా? పరిశుద్ధ గ్రంథాన్ని నిదానంగా చదివితే సమాధానం వేరుగా కనిపిస్తుంది.

సరిహద్దు ఇళ్లలోని మూగ దుఃఖం

చంద్రపూర్ జిల్లాలో తెలుగు కుటుంబాలు నిన్న మొన్న వచ్చినవి కావు. రాజురా ప్రాంతం 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో అంతర్భాగం. బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, బల్లార్షా రైల్వే జంక్షన్ మరెన్నో తెలుగు కుటుంబాలను ఇక్కడికి చేర్చాయి. గీత మారినా బంధుత్వాలు మారలేదు. ఆడపడుచును ఇచ్చింది అటు, కోడలిని తెచ్చుకున్నది ఇటు. చర్చి చరిత్రలో కూడా ఈ కలయిక కనిపిస్తుంది. సీరో మలబారు కథోలిక సంఘం 1962లో చాందా కేంద్రంగా సేవ ప్రారంభించింది. 1977లో అది మేత్రాసనం అయింది. 1999లో ఆదిలాబాదు ప్రత్యేక మేత్రాసనం అయ్యేవరకు ఈ రెండు ప్రాంతాల విశ్వాసులు ఒకే కాపరి కింద ఉన్నారు.

ఈ గ్రామాల దుఃఖాలకు కూడా తమవైన ముఖాలున్నాయి. పత్తి దెబ్బతిని, అప్పు తీరక, చేనుకు కొట్టవలసిన మందును తానే తాగిన ఇంటి యజమాని ఉంటాడు. ఇప్పపూలకో తునికాకుకో అడవికి వెళ్లి పులి దాడిలో తిరిగిరాని తల్లి ఉంటుంది. తాగుడు వల్ల చెదిరిన సంసారం ఉంటుంది. పనికోసం దూరదేశం వెళ్లి, మాట తప్పిన కొడుకు ఉంటాడు. మరణ ధ్రువపత్రం, నష్టపరిహారపు దరఖాస్తు మరాఠీలో నింపవలసి ఉంటుంది. రాత్రి ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. కాగితాల పని ముగియగానే కష్టం ముగిసిందని చుట్టుపక్కలవారు భావిస్తారు. లోపలి దుఃఖానికి మాత్రం మాట దొరకదు.

కన్నీటిని దాచని గ్రంథం

క్రైస్తవ విశ్వాసం ఈ మూగతనాన్నే మొదట తాకుతుంది. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో మూడవ వంతుకు పైగా విలాపాలేనని పండితులు లెక్క చెబుతారు. అవి స్తుతులు కావు, ఫిర్యాదులు. ఎంతకాలం ఇలా ఉండనిస్తావని, నన్నెందుకు విడిచిపెట్టావని భక్తుడు దేవునినే నిలదీస్తాడు. చాలా విలాపాలు చివరికి నమ్మకపు మాటతో ముగుస్తాయి. 88వ కీర్తన మాత్రం చీకటిలోనే ఆగిపోతుంది. దానికి కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు దక్కిందంటే, వెలుగు కనిపించని రోజున చేసిన ప్రార్థన కూడా ప్రార్థనేనని అర్థం.

యేసు ప్రభువు సైతం బేతనియలో లాజరు సమాధి వద్ద కన్నీరు విడిచాడు. తాను అతణ్ణి లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. అయినా మార్త మరియల ఎదుట ఏడవకుండా ఉండలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయన ప్రాణం దుఃఖంతో కుంగిపోయింది. శిష్యులను తన దగ్గర ఉండి మెలకువగా ఉండమని అడిగాడు. దేవుని కుమారునికే తోడు కావలసివచ్చినప్పుడు, భర్తను కోల్పోయిన స్త్రీకి తోడు కావాలనిపించడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

నయోమి కథ

సరిహద్దు ప్రజలకు రూతు గ్రంథం ఎంతో దగ్గరగా తోస్తుంది. బెత్లెహేములో కరవు వస్తుంది. ఎలీమెలెకు భార్య నయోమిని, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఎల్ల దాటి మోయాబు దేశానికి వలస వెళతాడు. అక్కడ అతడు మరణిస్తాడు. కుమారులు ఆ దేశపు యువతులనే వివాహమాడతారు. దాదాపు పదేళ్లు గడిచాక ఆ ఇద్దరూ మరణిస్తారు. పరాయి నేలపై ముగ్గురు వితంతువులు మిగులుతారు.

స్వగ్రామానికి తిరిగివచ్చిన నయోమిని ఊరి స్త్రీలు గుర్తుపట్టి పలకరిస్తారు. నయోమి అంటే మధురమైనది అని అర్థం. ఆ పేరుతో తనను పిలవవద్దని, చేదు అనే అర్థమున్న ‘మారా’ అని పిలవమని ఆమె అంటుంది. నిండుగా వెళ్లిన తనను దేవుడు వట్టి చేతులతో తిరిగి రప్పించాడని నలుగురిలో చెబుతుంది. ఈ మాటలకు గ్రంథంలో ఎవరూ ఆమెను గద్దించరు. దేవుడు కూడా గద్దించడు.

ఆమె స్వస్థత ఎలా వచ్చిందో గమనించదగినది. ఆకాశం నుండి అద్భుతమేదీ దిగిరాలేదు. మొదట తోడు దొరికింది. విడిచి వెళ్లమన్నా వెళ్లని కోడలు రూతు ఆ తోడు. తరువాత పని దొరికింది. అది యవల కోతకాలం. పేదలకోసం, పరదేశులకోసం చేలో పరిగె విడిచిపెట్టాలన్న ధర్మశాస్త్రపు కట్టడ ప్రకారం రూతు పరిగె ఏరుకొని అత్తకు తిండి తెచ్చింది. ఆపైన న్యాయం జరిగింది. బోయజు ఊరి పెద్దల సమక్షంలో ఎలీమెలెకు భూమిని విడిపించి, చనిపోయినవారి పేరు నిలిపాడు. చివరకు రూతుకు పుట్టిన బిడ్డను నయోమి తన ఒడిలోకి తీసుకుంది. ఊరి స్త్రీలు ఆ బిడ్డకు పేరు పెట్టారు. ఆమె చేదును విన్నది ఆ స్త్రీలే, ఆమె సంతోషాన్ని పంచుకున్నదీ వారే.

తోడు, తిండి, పని, న్యాయం, ఇరుగుపొరుగు. దేవుడు ఈ ఐదింటి ద్వారానే నయోమి గుండెను బాగుచేశాడు. చనిపోయినవారిని మరచిపొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పనికి, గౌరవానికి ఉన్న ఈ శక్తిని చంద్రపూర్ జిల్లా తన కళ్లతోనే చూసింది. కుష్ఠు కారణంగా ఊరు వెలివేసినవారి కోసం బాబా ఆమ్టే 1949లో మహారోగీ సేవా సమితిని స్థాపించాడు. వరోరా వద్ద వెలసిన ఆనందవన్‌లో ఆ వ్యాధిగ్రస్తులే నేలను సాగుచేసి, చేతిపనులు నేర్చి, తలెత్తుకొని బతికారు. చర్మపు పుండ్లకు మందు ఉన్నది. వెలివేతవల్ల మనసుకు తగిలిన పుండు మాత్రం మనుషుల మధ్య చోటు దొరికినప్పుడే మానుతుంది.

ఏలీయాకు మొదట దొరికింది రొట్టె

ప్రవక్త ఏలీయా కథ మరొక పాఠం చెబుతుంది. యెజెబెలు రాణి తనను చంపిస్తానని బెదిరించినప్పుడు అతడు అరణ్యంలోకి పారిపోయి, ఒక బదరీవృక్షం కింద కూర్చొని, ఇక చాలు, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. అంత గొప్ప ప్రవక్త చావును కోరుకున్నాడు. అప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతడు తిని మళ్లీ పడుకున్నాడు. రెండవసారి కూడా లేపి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి, తినిపించాడు. హోరేబు పర్వతం, దేవుని మెల్లని స్వరం ఆ తరువాతి సంగతులు. దుఃఖించేవారికి వాక్యం వినిపించే ముందు అన్నం, నిద్ర సమకూరాయో లేదో చూడాలని ఈ కథ నేర్పుతుంది.

పండిత రమాబాయి – ఎనిమిదేళ్ల నిరీక్షణ

ఇవి పురాతన కథలు మాత్రమేనని ఎవరైనా అనవచ్చు. మహారాష్ట్ర గడ్డపైనే ఇటువంటి జీవితం ఒకటి నడిచింది.

1858లో జన్మించిన రమాబాయి సంస్కృత పండితుడు అనంతశాస్త్రి డోంగ్రే కుమార్తె. ఆడపిల్లలకు చదువు తగదనే కాలంలో తల్లి లక్ష్మీబాయి ఆమెకు సంస్కృతం నేర్పింది. ఆ కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణం చెప్పి జీవించేది. 1870ల నాటి దక్షిణాది కరవులో తండ్రి, తల్లి, అక్క ఒకరి వెంట ఒకరుగా మరణించారు. అన్న శ్రీనివాస్‌తో కలిసి కాలినడకన దేశం తిరిగి ఆమె కలకత్తా చేరింది. అక్కడి పండితులు ఆమె విద్వత్తుకు మెచ్చి ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా చనిపోయాడు. అదే సంవత్సరం ఆమె బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ దాస్ మేధావిని వివాహమాడింది. రెండేళ్లయినా నిండకముందే, 1882లో, ఆయనను కలరా బలిగొన్నది. చేతిలో పసిబిడ్డ మనోరమ మిగిలింది. అప్పటికి రమాబాయి వయసు 24 సంవత్సరాలకు మించదు.

1883లో ఇంగ్లాండులోని వాంటేజ్‌లో ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఆమె గుండె ఆ రోజే బాగుపడిందా? లేదని ఆమే స్పష్టంగా రాసుకున్నది. 1907లో వెలువడిన తన సాక్ష్య గ్రంథంలో, తనకు మతం దొరికిందే గాని క్రీస్తు దొరకలేదని, ఆత్మకు నెమ్మది చిక్కడానికి బాప్తిస్మం తరువాత మరో ఎనిమిదేళ్లు పట్టిందని ఆమె ఒప్పుకున్నది. అంత పండితురాలికి, అంత దీక్షాపరురాలికి ఎనిమిదేళ్లు పట్టినప్పుడు, ఒక కూడికకు వెళ్లివచ్చినా మనసు కుదుటపడలేదని సామాన్యులు తమను తాము నిందించుకోవడం తగదు.

1896–97లో మధ్య పరగణాలను కరవు చుట్టుముట్టింది. నాటి చాందా జిల్లా ఆ మధ్య పరగణాలలోనిదే. ఆకలి అంటే ఏమిటో, ఆకలితో తల్లిని కోల్పోవడమంటే ఏమిటో రమాబాయికి తెలుసు. ఆమె స్వయంగా కరవు ప్రాంతానికి వెళ్లి, దిక్కులేని వందలాది బాలికలను, బాల వితంతువులను పూనా సమీపంలోని కేడ్‌గావ్‌కు చేర్చింది. ముక్తి సదనం అలా పెరిగింది. అక్కడ వారికి తిండి, చదువు, నేత, వ్యవసాయం వంటి పనులు నేర్పారు. తనను విరగగొట్టిన కరవే ఆమెకు ఇతరుల ఆకలిని గుర్తించే కన్నునిచ్చింది. గాయం మానిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఇతరులకు దారి చూపింది.

సామాన్య స్త్రీలు చదువుకోగలిగే మరాఠీలో పరిశుద్ధ గ్రంథం ఉండాలని ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, జీవితపు చివరి సంవత్సరాలను అనువాదానికే వెచ్చించింది. దుఃఖం తల్లిభాషలోనే మాట్లాడుతుంది కనుక ఓదార్పు కూడా ఆ భాషలోనే చేరాలి. 1921లో కూతురు మనోరమ మరణించింది. ఆ దెబ్బ తరువాత కూడా ఆమె పని విడవలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. విశ్వాసం ఆమెకు కొత్త కష్టం రాకుండా అడ్డుపడలేదు. కష్టంలో నిలిచే బలాన్ని ఇచ్చింది.

క్షమించడమంటే సహించడం కాదు

కొందరి గుండె మరణంవల్ల కాక మనుషుల వల్ల విరుగుతుంది. కొట్టే భర్త, మోసగించిన సోదరుడు, వెళ్లగొట్టిన అత్తవారు అందుకు కారణమవుతారు. ఇటువంటివారికి క్షమించమని చెప్పడం తేలిక. అయితే క్షమాపణను గ్రంథం ఎలా చూపిందో తెలుసుకోవాలి. అన్నలు అమ్మివేసిన యోసేపు వారిని వెంటనే కౌగిలించుకోలేదు. వారు మారారో లేదో పరీక్షించాడు. పలుమార్లు చాటుగా ఏడ్చాడు. వారు చేసినది కీడేనని ముఖాముఖి చెప్పాడు. ఆ తరువాతనే వారిని పోషించాడు. క్షమించడమంటే పగ తీర్చుకొనే భారాన్ని దేవునికి అప్పగించడం. అంతేగాని తప్పును ఒప్పు అనడం కాదు, దెబ్బలు తింటూ మౌనంగా ఉండడం కాదు.

చంద్రపూర్ జిల్లా మహిళల ఉద్యమ ఫలితంగా 2015 ఏప్రిల్‌లో ఇక్కడ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 2021లో ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. చట్టం వచ్చినా పోయినా తాగుడు వల్ల నలిగిన ఇల్లు ఇల్లుగానే మిగిలింది. అటువంటి ఇంట స్త్రీకి ప్రార్థనతో పాటు రక్షణ కావాలి. గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లోనే వచ్చింది. 181 నంబరుకు ఫోను చేసి సహాయం అడిగే హక్కు ఆమెకు ఉన్నది. ఆ హక్కును వాడుకోవడం క్షమాగుణానికి విరుద్ధం కాదు.

ప్రార్థనా? మందా?

ఈ ప్రశ్న వల్ల సరిహద్దు గ్రామాలలో ప్రాణాలే ప్రమాదంలో పడుతున్నాయి. స్వస్థత కూడికకు వెళ్లివచ్చిన తరువాత మందులు మానివేయడమే విశ్వాసానికి గుర్తని కొందరు తలుస్తారు. గ్రంథంలో దీనికి ఆధారం కనిపించదు. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు. ఆపైన ప్రవక్త యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. ప్రార్థన, మందు ఆ గదిలో పక్కపక్కనే ఉన్నాయి.

దుఃఖం రోగం కాదు. అది ప్రేమకు చెల్లించే వెల. అయితే కొన్నిసార్లు దుఃఖం కుంగుబాటు అనే వ్యాధిగా మారవచ్చు. రెండు వారాలకు మించి రోజంతా మనసు చీకటిగా ఉండడం, నిద్ర, ఆకలి తప్పడం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, తాను పనికిరానివాడినన్న తలపు, చావాలన్న ఆలోచన ఇందుకు గుర్తులు. చావు ఆలోచన కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగకూడదు. ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. కుంగుబాటు మందులు ఒక్కరోజులో పనిచేయవు. గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. కొంచెం నయమనిపించగానే సొంతంగా ఆపితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదమున్నది. ఆపవలసినప్పుడు వైద్యుడే మోతాదు తగ్గిస్తూ ఆపుతాడు.

దూరం వెళ్లలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉన్నది. 14416 నంబరుకు పగలు రాత్రి ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగు, మరాఠీ రెండు భాషలలోనూ మాట్లాడవచ్చు. ఆత్మహత్యాయత్నం చేసినవారిని పోలీసులు పట్టుకుపోతారని భయపడి విషయం దాచవలసిన పనిలేదు. తీవ్రమైన మానసిక ఒత్తిడిలోనే వారు అలా చేశారని భావించి, శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది.

ఇంటివారు, సంఘం చేయదగినవి

యోబు స్నేహితులు అతని కష్టం విని వచ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నారు. ఆ వారం రోజులు వారు మంచి స్నేహితులు. నోరు తెరిచి, నీ పాపం వల్లనే ఇలా జరిగిందని వివరించబోయినప్పుడే తప్పు మొదలైంది. చివరకు దేవుడు కోపించింది ఆ వివరణల మీదనే, యోబు ఫిర్యాదుల మీద కాదు. కనుక పరామర్శకు వెళ్లినవారు కారణాలు వెతకకుండా, పక్కన కూర్చొని, చెప్పింది వినడమే మేలు.

ఆదరణ కూడిక ఒక్క రోజుతో ముగుస్తుంది. అసలు ఒంటరితనం నెల దాటాక మొదలవుతుంది. సంఘ కాపరులు, స్త్రీల సమాజంవారు మూడవ నెలలో, ఆరవ నెలలో, మొదటి క్రిస్మస్‌కు, సంవత్సరీకానికి ఆ ఇంటి గడప తొక్కాలి. వెళ్లినప్పుడు చనిపోయినవారి పేరును ఎత్తాలి. పేరు ఎత్తితే గాయం రేగుతుందని భయపడతారు గాని, అందరూ మరచిపోయారన్న భావనే ఎక్కువగా బాధిస్తుంది. వితంతువు పత్తి ఏరే రోజున నలుగురు చేనికి వెళ్లడం, బ్యాంకు కాగితం చదివిపెట్టడం, పిల్లవాడి బడి రుసుము విచారించడం కూడా ప్రార్థనలో భాగమే. పరిగె విడిచిపెట్టమన్న ఆజ్ఞకు నేటి రూపం ఇదే.

ఇంట్లో ఎవరి మాటలోనైనా చావు తలపు వినిపిస్తే, ఆ సంగతి నేరుగా, మృదువుగా అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకొనే దారి దొరుకుతుంది. పురుగుమందు డబ్బాలను ఇంట్లో ఉంచకుండా తాళం వేసిన చోట, మరొకరి అధీనంలో పెట్టాలి. ఆ గడియ గడిచిపోతే బతకాలన్న కోరిక తిరిగివచ్చినవారు ఎందరో ఉన్నారు.

హృదయ స్వస్థత అంటే గాయం లేనట్టు నటించడం కాదని ఈ కథలన్నీ చెబుతున్నాయి. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యులకు కనిపించినప్పుడు ఆయన చేతులకు మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. వాటిని ఆయన దాచలేదు, తోమాకు చూపించాడు. సరిహద్దు పల్లెలో ఈ రాత్రి నిద్రపట్టక కూర్చున్న తల్లి తన దుఃఖాన్ని తన భాషలో దేవునికి చెప్పుకోవచ్చు. ఆ మాట వినడానికి పక్కింటివారు కూడా తలుపు తీసి ఉంచాలి. దేవుని ఓదార్పు చాలాసార్లు ఆ తలుపు గుండానే లోనికి వస్తుంది.